కూరగాయ చెట్లకు పురుగు పట్టిందా? ఏరాలా, వల కట్టాలా, వేప కొట్టాలా, బీటీ కొట్టాలా

పురుగు పట్టిందని ఒక్క మాట అంటే చాలు, ఎవరికి తెలిసిన మందు వాళ్లు చెప్పేస్తారు. పక్కింటి అక్క వేపనూనె కొట్టమంటుంది, ఊళ్లో సేద్యం చేసే మామ పొగాకు కషాయం కాయమంటాడు, పురుగుమందుల అంగడికి పోతే బీటీ పొడి (గొంగళి పురుగుని చంపే బాక్టీరియా) ప్యాకెట్ చేతిలో పెడతారు, ఫోన్లో వీడియో చూస్తే వల కట్టేయండి అంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు, కానీ అన్నీ అన్ని పురుగులకూ పని చేయవు. తిరుపతిలో మా మిద్దె మీద ముప్పై దాకా గ్రోబ్యాగులు, కింద పెరట్లో నాలుగు చిన్న మడులు ఉన్నాయి. వంగ, టమోటా, బెండ, కాలీఫ్లవర్, తోటకూర, పందిరి మీద అనప (చిక్కుడు జాతిది). ఈ పద్ధతుల్లో చాలావరకు చేసి చూశాక నేను గట్టిగా చెప్పేది ఒకటే: మందు సంగతి తర్వాత, ముందు పురుగు ఎక్కడుందో చూడండి. ఆకు మీదున్న పురుగుకి ఒక దారి, కాయ లోపలున్న పురుగుకి ఇంకో దారి. ఈ తేడా పట్టించుకోకుండా వంగ చెట్లకు నెలంతా వేపనూనె కొట్టి, చివరికి పుచ్చు కాయలు కోసుకుని, సహజ పద్ధతులు పనికిరావని తోటే మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

పురుగు బయట ఉందా, లోపల ఉందా. పొగాకు లద్దె పురుగు, క్యాబేజీ, కాలీఫ్లవర్ మీద వచ్చే డైమండ్ మచ్చల పురుగు, పొట్ల ఆకు తినే పచ్చ పురుగు, ఇవన్నీ బయటే ఉండి ఆకు తింటాయి కాబట్టి కంటికి కనిపిస్తాయి, మందుకి అందుతాయి. వంగ కొమ్మ, కాయ తొలిచే పురుగు అలా కాదు, గుడ్డు పగిలిన కొన్ని గంటల్లోనే చిగురులోకో కాయలోకో దూరిపోతుంది. ఆ తర్వాత పైన మీరు ఎంత కొట్టినా దానికి తగలదు. టమోటా మీద వచ్చే శనగపచ్చ పురుగు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది: తల కాయలోకి దూర్చి, సగం ఒళ్లు బయటే పెట్టుకుని తింటుంది, ఒక కాయ పాడుచేసి ఇంకోదానికి పోతుంది.

పురుగు వయసు. బియ్యపు గింజంత ఉన్నప్పుడు వేప, బీటీ రెండూ బాగా పని చేస్తాయి. చిటికెన వేలంత పొడవు పెరిగాక అవి తినే తిండీ ఎక్కువ, మందు తట్టుకునే శక్తీ ఎక్కువ. అంత పెద్దదాన్ని చేత్తో తీసేయడమే సులువు.

మీకున్న చెట్లు, మీకున్న టైము. పదిహేను కుండీలున్నవాళ్లకి సరిపోయేది అర ఎకరం తోటకి సరిపోదు, అర ఎకరానికి చెప్పే సలహా పదిహేను కుండీలకి దండగ.

ఎండ, వాన. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన. కొట్టింది ఎండకి విరిగిపోతుంది, లేదంటే వానకి కడుక్కుపోతుంది. ఏ సహజ మందు గురించి ఆలోచించినా దీన్ని లెక్కలో పెట్టుకోవాలి.

కోతకి ఎన్నాళ్లుంది. రేపు కోయబోయే తోటకూర మీద ఏం పడినా అది నేరుగా మన పొయ్యి మీదికే వస్తుంది.

| పద్ధతి | ఆకు తినే పురుగుకి | తొలిచే పురుగుకి | ఎన్నాళ్లకి ఫలితం | ఎక్కడ కుదరదు |
|---|---|---|---|---|
| చేత్తో ఏరడం | చాలా బాగా | కొమ్మ, కాయ తుంచేస్తే బాగా | అప్పటికప్పుడు | చెట్లు మరీ ఎక్కువైతే |
| వల | చాలా బాగా | చాలా బాగా | నాటిన రోజే కట్టాలి | పెద్ద పందిళ్లకి |
| వేప | పిల్ల పురుగుకి బాగా | లోపలికి పోకముందే | కొన్ని రోజులు | మండే ఎండలో |
| బీటీ | చాలా బాగా | లోపలికి పోకముందే | రెండు మూడు రోజులు | పట్టుపురుగుల ఇళ్ల దగ్గర |
| బవేరియా (పురుగుని చంపే బూజు) | ఫర్వాలేదు | లోపలికి పోకముందే | వారం దాకా | పొడి ఎండల్లో, పట్టుపురుగుల దగ్గర |
| లింగాకర్షక బుట్ట (ఆడ పురుగు వాసనతో మగదాన్ని రప్పించేది) | కాపలాకి మాత్రమే | కాపలాకి మాత్రమే | – | అదొక్కటే నమ్ముకుంటే |

## చేత్తో ఏరడం

దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు, నేను మాత్రం మొదట ఇదే చెప్తాను. పొద్దున ఆరింటికి కాలీఫ్లవర్ ఆకు ఒకటి తిప్పి చూడండి. అడుగున గోధుమ రంగు నూగు కప్పుకుని, గోరంత ముద్ద ఒకటి అంటుకుని కనిపిస్తే అది లద్దె పురుగు గుడ్ల ముద్ద, అందులో వందల గుడ్లు ఉంటాయి. అప్పటికే పగిలిపోతే ఆకు పచ్చదనమంతా గీకేసినట్టుగా పోయి, వెలుతురుకి పట్టుకుంటే జల్లెడలా కనిపిస్తుంది, ఆ జల్లెడాకు కింద వెంట్రుకంత పిల్లలు గుంపుగా ఉంటాయి. ఆ ఒక్క ఆకు తుంచి సబ్బు నీళ్ల బకెట్లో వేస్తే ఆ వందల పురుగులూ పోయినట్టే. ఈ అవకాశం కొద్ది రోజులే ఉంటుంది. కాస్త పెరిగాక చెట్టంతా చెదిరిపోతాయి, పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటాయి, అప్పుడు ఎనిమిది గంటలకి టార్చి పట్టుకుని వెతకాలి. పగలు ఆకుల మీద నల్లటి గింజల్లాంటి రెట్ట కనిపించి పురుగు కనిపించకపోతే, కుండీలో పైమట్టి రెండంగుళాలు కదిపి చూడండి, అక్కడే ముడుచుకుని ఉంటుంది.

వంగకి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. నీళ్లు సరిగ్గా పోస్తున్నా ఒక చిగురు మాత్రం తల వాల్చేస్తే అందులో పురుగుంది. వాలిన చోటికి రెండంగుళాలు కింద కత్తిరించి, చీల్చి చూడండి, లోపల నల్లటి పిప్పి, దాని మధ్య లేత గులాబీ రంగు పురుగు. కాయకి పెద్ద బెజ్జం కనపడితే చాలాసార్లు అది పురుగు బయటికి పోయిన దారి. లోపలికి దూరిన బెజ్జం పూడిపోయి మచ్చలా మిగులుతుంది, అందుకే పైకి నున్నగా ఉన్న కాయ కోస్తే లోపల పుచ్చు ఉంటుంది. తుంచిన కొమ్మల్ని, కాయల్ని కంపోస్టు గుంతలో వేయకండి, అక్కడే రెక్కలొచ్చి మళ్లీ మీ చెట్టు మీదికే వస్తాయి. కవర్లో వేసి మూటకట్టి రెండు రోజులు ఎండలో పడేయండి. మూడు రోజులకోసారి ఈ పని చేస్తే చాలు, కానీ మానకుండా చేయాలి.

ఒక జాగ్రత్త. మునగ మాను మీద గుంపులుగా చేరే వెంట్రుకల గొంగళిని ఒట్టి చేత్తో ముట్టుకోకండి, దద్దుర్లొస్తాయి. పాత చీపురుతో సబ్బు నీళ్ల బకెట్లోకి రాల్చేయడం మేలు.

## వల కట్టడం

పురుగుని చంపే పద్ధతి కాదిది, రెక్కల పురుగు వచ్చి గుడ్డు పెట్టకుండా ఆపే పద్ధతి. 40 మెష్ నైలాన్ వల తెచ్చి, పీవీసీ పైపులో వెదురు బద్దలో వంచి, నారు నాటిన రోజే కప్పాలి. కింద అంచు మట్టితో గట్టిగా కప్పేయాలి, జానెడు సందు వదిలినా ఉపయోగం లేదు.

పువ్వుల సంగతి ముందే ఆలోచించుకోండి. వంగ, టమోటా పువ్వులు తమకు తామే కాయ కడతాయి, పొద్దున ఒకసారి కొమ్మ తట్టితే సరిపోతుంది, ఆకుకూరలకి, క్యాబేజీకి అసలు పువ్వుతో పనే లేదు. వీటికి వల బ్రహ్మాండంగా కుదురుతుంది. బీర, కాకర, గుమ్మడికి మాత్రం తేనెటీగలు కావాలి, వల కడితే మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి మీరే రాయాలి. రెండు చెట్లయితే చేయొచ్చు, పందిరంతా అంటే కుదరదు.

రెండు ఇబ్బందులు. మొదటిది, పాత మట్టిలో ప్యూపాలు (పురుగు రెక్కలు రాకముందు గూడులో ఉండే దశ) ఉంటే రెక్కల పురుగు వల లోపలే పుడుతుంది, అందుకే మే ఎండలో మట్టి తిరగేసి పలచగా ఆరబోయాలి, మన ఎండ ఉపయోగపడే పని ఇదొకటి. రెండోది, వల లోపల గాలి తగ్గి పేనుబంక పెరుగుతుంది, దాన్ని తినే అక్షింతల పురుగులు లోపలికి రాలేవు. వారానికోసారి ఆకుల వెనక చూసుకుంటూ, పేనుబంక కనపడితే నీళ్లతో గట్టిగా కొట్టి కడిగేయాలి.

## వేప: నూనె వేరు, కషాయం వేరు

వేపలో ఉండే అజాడిరాక్టిన్ పురుగుని అప్పటికప్పుడు చంపదు. ఆకు మీద తిండి సహించకుండా చేస్తుంది, కుబుసం విడిచి పెరగడాన్ని ఆపుతుంది. కాబట్టి సాయంత్రం కొట్టి పొద్దున్నే పురుగు చచ్చిందా అని చూసి, చావలేదని ఇంకో మందు కలిపి కొట్టకండి. ఓపిక లేక వేపని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

నా ఓటు గింజల కషాయానికి. ఆషాఢం, శ్రావణంలో వేపపండ్లు రాలుతాయి, ఏరి గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తాయి. 50 గ్రాముల పప్పు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టి, పిండిన రసాన్ని మళ్లీ లీటరు అయ్యేలా నీళ్లు కలిపితే వ్యవసాయ శాఖ చెప్పే 5 శాతం కషాయం అదే. ఆ రోజే వాడేయాలి, నిలవ ఉంచకూడదు.

నూనె అయితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు సబ్బు కలపమంటారు, మా బోరు నీళ్లలో సబ్బు నురగే రాదు, తెల్లటి తెట్టు కట్టి నూనె పైకి తేలిపోతుంది, స్ప్రేయరులో అడుగున నీళ్లు, చివర్లో ఒట్టి నూనె పడుతుంది. కుంకుడుకాయలు నాలుగు నానబెట్టి పిసికిన రసం వాడి చూడండి, ఉప్పు నీళ్లలో కూడా నురగ వస్తుంది, నూనె చక్కగా తెల్లటి పాలలా కలుస్తుంది. ఒక మే నెలలో పదకొండింటికి టైము దొరికిందని బెండ చెట్లకి వేపనూనె కొట్టాను, మర్నాటికి లేతాకులన్నీ అంచులు మాడిపోయాయి. అప్పటి నుంచి ఎండ పూర్తిగా దిగాకే కొడుతున్నాను. ఎండకి వేప గుణం విరిగిపోతుంది, అందుకని కూడా సాయంత్రమే మంచిది. వారానికోసారి కొట్టాలి, వాన పడితే మళ్లీ కొట్టాలి. తోటకూరలాంటి వాటికి కోతకి దగ్గర్లో కొడితే చేదు తగులుతుంది, అక్కడ వేప వద్దు.

## బీటీ: పేరు విని భయపడక్కర్లేదు

బీటీ అనగానే బీటీ పత్తి, 2010లో కేంద్రం ఆపేసిన బీటీ వంకాయ గుర్తొచ్చి, సహజ సేద్యంలో ఇదేంటని చాలామంది వెనకాడతారు. అవి జన్యువు మార్చిన విత్తనాలు. మనం కొట్టే బీటీ పొడి మట్టిలో మామూలుగానే ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. జపాన్‌లో 1901లో చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో దీన్ని మొదట గుర్తించారు, 1911లో జర్మనీలోని తురింజియాలో పిండిపురుగులో మళ్లీ దొరికితే ఆ ప్రాంతం పేరే పెట్టారు. ఇది తయారుచేసే ప్రొటీను క్షార గుణమున్న గొంగళి కడుపులో కరిగి, పేగు గోడకి చిల్లులు పెడుతుంది. మన కడుపులో ఆమ్లం ఉంటుంది కాబట్టి మనకి అలా జరగదు, తేనెటీగలకీ అక్షింతల పురుగులకీ హాని ఉండదు. ఆకు తిన్న పురుగు కొన్ని గంటల్లోనే తిండి మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో నల్లబడి చస్తుంది. చావకముందే నష్టం ఆగిపోతుంది, ముఖ్యమైన సంగతి అది.

గొంగళి పురుగుల కోసమైతే ప్యాకెట్ మీద కుర్‌స్టాకి అనే రకం పేరు, తయారీ తేదీ చూసి కొనండి. సాధారణంగా లీటరుకి ఒకటి రెండు గ్రాములు, ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అంత. పురుగు తింటేనే పని చేస్తుంది కాబట్టి ఆకు అడుగు కూడా తడవాలి. కలిపింది ఆ పూటే అయిపోవాలి, ఎండలో రెండు మూడు రోజులకి మించి గుణం నిలవదు. మిగిలిన పొడిని చల్లటి నీడ చోట, పిల్లలకి అందకుండా పెట్టండి. అంగళ్లలో పెద్ద ప్యాకెట్లే దొరుకుతుంటాయి, నలుగురు కలిసి కొనుక్కోవడం మంచిది.

పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు వాళ్లకి ఒక మాట. చుట్టుపక్కల మల్బరీ తోటో పట్టుపురుగులు పెంచే ఇల్లో ఉంటే బీటీ కొట్టకండి. పట్టుపురుగూ గొంగళి పురుగే, గాలికి మల్బరీ ఆకు మీద పడిన కాస్తంత చాలు, ఒక కుటుంబం నెలరోజుల కష్టం పోతుంది. బవేరియాకి కూడా ఇదే వర్తిస్తుంది. ఆ బూజు పట్టుపురుగులని తెల్లగా సున్నం పట్టినట్టు గట్టిపడేలా చేసి చంపుతుందని ఇటలీలో బస్సీ అనే ఆయన 1835లోనే చూపించాడు. అలాంటి చోట వల, ఏరడం, అంతే.

బవేరియాకి గాలిలో తేమ కావాలి. తిరుపతిలో అక్టోబర్ తర్వాత పని చేస్తుంది, వేసవిలో డబ్బు దండగ.

## పొగాకు, మిర్చి, వెల్లుల్లి కషాయం

అగ్నాస్త్రం అని ప్రకృతి సేద్యంలో వాడే కషాయం ఇది: గోమూత్రంలో వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు వేసి మరగకాస్తారు. పొలం గట్టు మీద రైతు వాడితే నేనేమీ అనను. ఇంటి మిద్దె మీద మాత్రం వద్దనే చెప్తాను. పొగాకులో ఉండే నికోటిన్ సహజమైనదే, విషం కూడా. మరిగేటప్పుడు ఆ ఆవిరి పీల్చకూడదు, చర్మం మీద పడకూడదు, తేనెటీగలకీ మంచిది కాదు. పైగా టమోటా, మిరప, వంగ పొగాకు కుటుంబంవే, పొగాకు ద్వారా మొజాయిక్ వైరస్ వీటికి అంటుకునే ప్రమాదం ఉంది. చిన్న పిల్లలు తిరిగే ఇంట్లో, రేపో మాపో కోసి వండే ఆకుకూర మీద ఇది కొట్టాల్సినంత అవసరం ఎప్పుడూ రాదు.

## బుట్టలు, ఎర పంటలు

లింగాకర్షక బుట్టలో పడేవి మగ రెక్కల పురుగులు మాత్రమే, ఒక్కో ఎర ఒక్కో జాతికే. పక్కింటి తోట నుంచి ఆడ పురుగు వచ్చి గుడ్డు పెడితే మీ బుట్ట ఆపలేదు. కానీ బుట్టలో పురుగులు పడటం మొదలైతే ఆకులు తిప్పి చూసే టైము వచ్చిందని తెలుస్తుంది. ట్రైకోగ్రామా కార్డులు (పురుగు గుడ్లని నాశనం చేసే బుల్లి కందిరీగలున్న అట్టలు) పొలానికి మంచివి, నాలుగు మడులకి నేను చెప్పను.

ఎర పంటలు వేరే ఖర్చు లేని పని, అందుకే నాకు ఇష్టం. టమోటా పక్కన బంతి వేస్తే శనగపచ్చ పురుగు పువ్వుల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. పొలాల్లో 16 సాళ్ల టమోటాకి ఒక సాలు బంతి వేస్తారు, టమోటా నారు 25 రోజులదైతే బంతి నారు 40 రోజులది నాటుతారు, అప్పుడే రెండూ ఒకేసారి పూస్తాయి. ఇంట్లో ఆరు టమోటాలకి ఒక బంతి చాలు. లద్దె పురుగుకి పెరటి మూల ఒక ఆముదం చెట్టు, క్యాబేజీ దగ్గర కాసిని ఆవాలు. ఎర పంట వేసి వదిలేస్తే మాత్రం మీరే పురుగుల్ని పెంచినట్టవుతుంది, రోజూ ముందు ఆ చెట్టునే చూసి, గుడ్లు ఉన్న ఆకులు తుంచేయాలి. ఉద్యోగం హడావుడిలో ఆ టైము లేకపోతే ఎర పంట వేయకపోవడమే మంచిది.

## ఎవరికి ఏది

పది పదిహేను కుండీలే ఉండి, పొద్దున పది నిమిషాలు తోటలో గడిపేవాళ్లకి ఏ మందూ అక్కర్లేదు. ఏరడం, వాలిన చిగుళ్లు కత్తిరించడం, బంతి మొక్క ఒకటి. స్ప్రేయరు కూడా కొనకండి.

ఆఫీసుకి ఏడింటికి పోయి రాత్రి వచ్చేవాళ్లు, వారానికోసారే తోట చూడగలిగేవాళ్లు వల మీద డబ్బు పెట్టండి. మొదట్లో ఖర్చనిపిస్తుంది కానీ జాగ్రత్తగా వాడితే కొన్నేళ్లు వస్తుంది. వలకి ఇమిడే వంగ, టమోటా, ఆకుకూరలే వేసుకోండి, పందిరి కూరలు టైము దొరికే రోజులకి పెట్టుకోండి.

పెరడు పెద్దదై ముప్పై నలభై చెట్లు దాటితే ఏరడం ఒక్కటే సరిపోదు. మామూలు రోజుల్లో వారానికోసారి వేప గింజల కషాయం, పిల్ల పురుగులు ఒక్కసారిగా విరుచుకుపడితే సాయంత్రం పూట బీటీ, వారం తర్వాత అవసరమైతే ఇంకోసారి. రెండూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టకండి: వేప వల్ల పురుగు తిండి తగ్గిస్తుంది, బీటీ పని చేయాలంటే అది తినాలి.

వంగ మాత్రమే మిమ్మల్ని ఏడిపిస్తుంటే మందుల గురించి మర్చిపోండి. వల, కత్తెర, అంతే. అనప పందిరికి పూత మీద ఉన్నప్పుడే బీటీ కొడితేనే ఉపయోగం, కాయలోకి దూరాక పితికిపప్పుకి ఒలిచేటప్పుడు పురుగు ఏరుకోవడమే మిగులుతుంది. ఏ పురుగో తేల్చుకోలేకపోతే ఆకుతో సహా ఒక డబ్బాలో పెట్టుకుని మీ ఊళ్లోని రైతు సేవా కేంద్రానికో, తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికో తీసుకెళ్లి చూపించండి. ఫోటో కంటే పురుగు చూపిస్తే త్వరగా తేలుతుంది.

## కరివేపాకు మీద పురుగు వేరు

చివరగా, కరివేపాకు చెట్టు మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగు, పెరిగాక పచ్చగా లావుగా అయి, ముట్టుకుంటే తల దగ్గర ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదిలేది. చాలామంది దీని మీద కూడా బీటీ కొట్టేస్తారు. ఇది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. కరివేప చెట్టు మోకాలెత్తు కూడా లేని పిల్ల మొక్కయితే ఒక్క పురుగే బోడి చేసేస్తుంది, అలాంటప్పుడు ఆకుతో సహా తుంచి, పెద్ద నిమ్మ చెట్టు మీదో మారేడు చెట్టు మీదో వదిలేయండి, అక్కడ తిని పెరుగుతుంది. చెట్టు మీ తలకంటే ఎత్తుగా ఉంటే ఏమీ చేయక్కర్లేదు, కింది కొమ్మలు ఓ నాలుగు దానికి వదిలేసి పోపుకి పైకొమ్మలు కోసుకోండి.